2020 లాక్‌డౌన్‌లో కన్ను పగిలిన గాయం: ఒక్క రోజు ముందొస్తే చూపు దక్కేదా?

ముందు మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెబుతాను, చదివేవాళ్ళకి అర్థమవుతుంది. 2020 ఏప్రిల్‌లో సూళ్ళూరుపేటలో మీ తమ్ముడు డాబా మీద రేకులకు మేకులు కొడుతుంటే ఒక మేకు ఎగిరి కుడికంట్లో దిగింది. ఊళ్ళో డాక్టరు చూసి వెంటనే చెన్నై తీసుకెళ్ళమన్నారు. ఊరు దాటడానికి ప్రభుత్వ పాసు రావడానికి ఒక రోజు పట్టింది. తడ దాటాక చెక్‌పోస్టులో సగం పూట గడిచింది. ఆసుపత్రిలో కోవిడ్ రిపోర్టు కోసం ఇంకో రోజు ఆగారు. మూడో రోజు కుట్లు పడ్డాయి. రెండు వారాల తర్వాత రెటీనా (కంటి వెనక చూపునిచ్చే పొర) ఆపరేషన్ చేసి కంట్లో నూనె పెట్టారు. ఇప్పుడు ఆ కంటి ముందు చెయ్యి ఊపితే తెలుస్తుంది, అంతకుమించి లేదు. "ఒక్క రోజు ముందు తీసుకెళ్ళుంటే బిడ్డకి చూపు దక్కేదేమో" అని మీ అమ్మగారు ఇప్పటికీ బాధపడుతున్నారని రాశారు. కరోనా కాలంలో ఇలాంటి కళ్ళకు మొత్తం మీద ఏం జరిగిందో కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే: మీ తమ్ముడి చూపు పోవడానికి అసలు కారణం దెబ్బ తగిలిన చోటు, దిగిన లోతు. ఆలస్యం వల్ల కంటికి చీము పట్టే ప్రమాదం పెరిగింది. కానీ ఆయన కంటికి చీము పట్టలేదు. ఈ మాట మీ అమ్మగారికి చదివి వినిపించండి. ఓదార్పు కోసం చెబుతున్న మాట కాదిది. మీరు టైపు చేసి పెట్టిన డిశ్చార్జి సమ్మరీలో ఉన్నదాన్ని బట్టే చెబుతున్నాను.

అందులో నాలుగు సంగతులు ఉన్నాయి. గాయం జోన్ 3. రెటీనా ఊడిపోయింది. ఆర్ఏపీడీ ఉంది, అంటే టార్చి వేసినప్పుడు ఆ కంటి నరం సరిగ్గా స్పందించలేదు. ఎండాఫ్తల్మైటిస్ లేదు, అంటే కంటి లోపల చీము లేదు. వీటితో పాటు, గాయమైన రోజే సూళ్ళూరుపేట డాక్టరు చీటీ మీద "వెలుగు తెలుస్తోంది, వేళ్ళు లెక్కపెట్టలేకపోతున్నాడు" అని రాశారన్నారు. నా జవాబంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది. ఆ వాక్యమే లేకపోతే, మూడో రోజు కొలిచిన చూపు దెబ్బ వల్ల తగ్గిందా ఆలస్యం వల్ల తగ్గిందా అని ఎవరూ విడదీసి చెప్పలేరు.

జోన్లంటే ఇవి. నల్లగుడ్డు మీద, దాని అంచు మీద తగిలితే జోన్ 1. అంచు నుంచి తెల్లగుడ్డు మీద 5 మిల్లీమీటర్ల లోపలైతే జోన్ 2. అంతకంటే వెనక్కి వెళ్తే జోన్ 3. వెనక్కి వెళ్ళేకొద్దీ రెటీనా దగ్గరవుతుంది. నల్లగుడ్డు మీద మచ్చ పడితే దాన్ని మార్చవచ్చు, లెన్సు దెబ్బతింటే కొత్తది పెట్టవచ్చు. రెటీనాకి మాత్రం బదులు లేదు.

చూపు ఎంతవరకు తిరిగొస్తుందో అంచనా వేయడానికి మేము ఆక్యులర్ ట్రామా స్కోర్ అనే లెక్క వాడతాం. మొదటిసారి చూసినప్పుడు ఉన్న చూపుకి కొన్ని మార్కులు ఇస్తాం. వెలుగే తెలియకపోతే 60, వెలుగు గానీ చెయ్యి కదలిక గానీ తెలిస్తే 70, చూపు మెరుగ్గా ఉన్నకొద్దీ 80, 90, 100. అందులోంచి దెబ్బ రకాన్ని బట్టి తీసేస్తాం. మొద్దు దెబ్బకు కన్ను పగిలితే 23, చీము ఉంటే 17, వస్తువు కంట్లో ఒకవైపు దూరి ఇంకోవైపు బయటికి పోతే 14, రెటీనా ఊడితే 11, ఆర్ఏపీడీ ఉంటే 10. మీ తమ్ముడిది మొద్దు దెబ్బ కాదు, కాబట్టి 70లోంచి 11, 10 మాత్రమే తీసేస్తే 49. 45 నుంచి 65 వరకు రెండో వర్గం. ఆ వర్గంలో సుమారు 28 శాతం మందికి వెలుగు కూడా మిగలదు, 26 శాతం మంది వెలుగు లేదా చెయ్యి కదలిక దగ్గర ఆగిపోతారు, 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచి చదవగలగడం) గానీ అంతకంటే మంచి చూపు గానీ వచ్చేది సుమారు 15 శాతం మందికి. గమనించండి, ఈ లెక్కలో ఎన్ని గంటలకు కుట్లు వేశారన్న గడి లేదు. ఆలస్యం ఈ లెక్కలోకి ప్రధానంగా చీము రూపంలోనే వస్తుంది, ఆ 17 మార్కులు మీ తమ్ముడికి పోలేదు.

అలాగని ఆలస్యమైతే ఏమీ కాదనడం తప్పు. తెరుచుకున్న కన్ను ప్రతి గంటా నష్టపోతుంది. బయటికి జారిన ఐరిస్, అంటే కంటిపాప చుట్టూ ఉండే గోధుమరంగు పొర, ఒక రోజు దాటితే ఎండి పాడవుతుంది. దాన్ని లోపలికి నెట్టడం కుదరక కత్తిరించాల్సి వస్తుంది. కన్ను మెత్తబడిపోవడం వల్ల వెనక పొరలో రక్తం చేరే ప్రమాదం ఉంది. లోహపు ముక్క లోపల ఉండిపోయిన కళ్ళ మీద అమెరికా నేషనల్ ఐ ట్రామా సిస్టమ్ 1993లో ప్రకటించిన లెక్కలో, 24 గంటల్లోపు కుట్లు పడిన కళ్ళలో 3.5 శాతానికి చీము పట్టింది, 24 గంటలు దాటినవాటిలో 13.4 శాతానికి. అంటే దాదాపు నాలుగు రెట్లు. పొలంలోనో మట్టిలోనో తగిలిన గాయమైతే ఇంకా గడ్డు. మట్టిలో ఉండే బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా చేరితే ఒక్క రోజులోనే కన్ను మొత్తం పోవచ్చు.

మీ తమ్ముడికి చీము పట్టకపోవడంలో మీ ఊరి డాక్టరు పాత్ర పెద్దదనే నా అభిప్రాయం. ఆయన మేకు పీకలేదు, ఆయింట్‌మెంట్ పెట్టలేదు, టీటీ వేసి, మాత్ర రూపంలో యాంటీబయాటిక్ మొదలుపెట్టి, ప్లాస్టిక్ షీల్డ్ కట్టి పంపారు. ఆ పరిస్థితిలో అంతకంటే సరైన పని లేదు.

ఇక రెండో ప్రశ్న.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. కంటి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చేవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోయారు. రోడ్లు ఖాళీ, ఫ్యాక్టరీలు మూత, పనులు బంద్. అంబత్తూరు, గిండీ, శ్రీసిటీ పారిశ్రామిక వాడల వైపు నుంచి గ్రైండింగ్, వెల్డింగ్ గాయాలతో వచ్చేవాళ్ళే లేరు. చాలా దేశాల నివేదికలు చెప్పింది కూడా ఇదే: మొత్తం సంఖ్య తగ్గింది, ఇంట్లో తగిలిన గాయాల వాటా పెరిగింది, వచ్చినవాళ్ళు ఆలస్యంగా వచ్చారు.

"కరోనాలో గాయాల తీవ్రత పెరిగింది" అని అక్కడక్కడా రాస్తుంటారు. ఆ మాటను కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. కంట్లో నలుసు పడినవాళ్ళు, రెప్ప మీద గీరుకున్నవాళ్ళు భయపడి ఆసుపత్రికి రావడం మానేశారు. చిన్నవి రాకపోతే, వచ్చినవాటిలో పెద్దవే ఎక్కువ కనిపిస్తాయి. ఆలస్యం వల్ల ముదిరినవీ ఉన్నాయి, అది నిజం. కానీ శాతం పెరిగినంత మాత్రాన అన్ని ఎక్కువ కళ్ళు పగిలాయని కాదు.

ఇంట్లో దెబ్బలు ఎలా తగిలాయంటే, ఎక్కువగా మీ తమ్ముడికి తగిలినట్టే. ఎప్పుడూ సుత్తి పట్టనివాళ్ళు పట్టారు. మేస్త్రీ రాడు, ప్లంబర్ రాడు, చేతిలో ఖాళీ సమయం ఉంది, కళ్ళద్దాలు పెట్టుకునే అలవాటు లేదు. సుత్తితో ఇనుము మీద ఇనుము కొట్టినప్పుడు ఎగిరే ముక్క ఒక్కోసారి ఆవగింజలో సగం కూడా ఉండదు. వేగంగా వచ్చి నల్లగుడ్డుకి సన్నటి రంధ్రం చేసి లోపలికి దూరుతుంది. రంధ్రం తనంతట తనే మూసుకుపోతుంది. నొప్పి కొద్దిసేపే, చూపు కూడా చాలావరకు బాగానే ఉంటుంది. మనిషి "ఏదో గుచ్చుకుందిలే, తగ్గిపోయింది" అనుకుంటాడు. లాక్‌డౌన్‌లో ఇలాంటివాళ్ళు వారాల తరబడి ఇంట్లోనే ఉండిపోయారు. ఇనుము కంట్లో కరుగుతూ నెలల్లో రెటీనాని విషపూరితం చేస్తుంది. రాగి ముక్కైతే రోజుల్లోనే కన్ను చీము పట్టినట్టు ఎర్రబడుతుంది. కాబట్టి సుత్తి దెబ్బ తర్వాత కంట్లో ఏదో తగిలిందని ఎవరన్నా చెబితే, చూపు బాగున్నా సరే, 1 మిల్లీమీటరు మందంతో సీటీ స్కాన్ తీయాల్సిందే. ఎంఆర్ఐ మాత్రం తీయకూడదు. ఆ అయస్కాంతానికి ఇనుప ముక్క కంట్లో కదిలి మిగిలిన రెటీనానీ చీరేస్తుంది.

పిల్లలు బళ్ళు లేక ఇంటి చుట్టూనే ఉండిపోయారు. చీపురుపుల్లతో బాణాలు, బిళ్ళంగోడు, పెన్సిల్, కత్తెర, తాడు కట్టిన కర్ర. చీపురుపుల్ల దెబ్బని తక్కువగా చూడకండి. పుల్లతో పాటు బూజు లోపలికి పోతుంది. మొదటి వారం బాగానే ఉండి, రెండో మూడో వారంలో కన్ను తెల్లగా మబ్బుపట్టి ఫంగస్ బయటపడుతుంది. సరిగ్గా అప్పుడే "మళ్ళీ ఆసుపత్రికి ఎందుకు, కరోనా అంటుకుంటుంది" అని ఆగినవాళ్ళున్నారు.

రసాయనాల గాయాలు ఈ మహమ్మారి కొత్తగా తెచ్చిపెట్టినవి. అపార్ట్‌మెంట్ లిఫ్టుల దగ్గర, దుకాణాల ముందు కాలితో తొక్కే శానిటైజర్ స్టాండులు పెట్టారు. పెద్దవాళ్ళ నడుము ఎత్తున ఉండే ఆ గొట్టం నాలుగేళ్ళ పిల్లాడికి సరిగ్గా ముఖం ఎత్తున ఉంటుంది. పిల్లాడు కాలితో తొక్కుతాడు, తలెత్తి చూస్తాడు, ధార నేరుగా కంట్లో పడుతుంది. డబ్ల్యూహెచ్‌వో చెప్పిన మిశ్రమంలో ఇథనాల్ అయితే 80 శాతం, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయితే 75 శాతం ఉంటుంది. అది నల్లగుడ్డు పైపొరని లేపేస్తుంది. ఫ్రాన్సులో 2020 ఏప్రిల్, ఆగస్టు నెలల మధ్య పిల్లల కంటి రసాయన ప్రమాదాల్లో శానిటైజర్ వాటా అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు ఏడు రెట్లైంది. హైపోక్లోరైట్, అంటే బ్లీచింగ్ ద్రావణం సంగతీ ఉంది. మనుషుల మీద బ్లీచింగ్ ద్రావణం చల్లిన ఘటనలు వచ్చాక, 2020 ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ అలా చల్లవద్దని సూచన జారీ చేసింది. ఇంట్లో క్రిములు చంపుతుందని అతినీలలోహిత దీపాలు కొని, వెలుగుతున్న గదిలోనే కూర్చున్నవాళ్ళకి ఆరేడు గంటల తర్వాత కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, ధారగా నీళ్ళు. అది ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, దానికి అంత కంగారు అక్కర్లేదు.

వీటన్నిటికంటే పాతది, మన ఇళ్ళలో ఎప్పుడూ ఉండేది, అన్నిటికంటే ప్రమాదకరమైనది కిళ్ళీ సున్నం ప్యాకెట్. పిల్లాడు చేతిలో నలిపితే పగిలి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. సున్నం క్షారం. ఆమ్లమైతే పైన కాల్చి ఆగిపోతుంది, క్షారం లోపలికి తొలుచుకుంటూ పోతుంది. ఇక్కడ ఆసుపత్రికి పరిగెత్తడం రెండో పని. మొదటి పని కడగడం. కుళాయి కింద, కన్ను తెరిచి పట్టుకుని, కనీసం 30 నిమిషాలు కడగాలి. రెప్ప తిప్పి, లోపల అతుక్కున్న సున్నపు ముద్దల్ని తడి దూదిపుల్లతో తీసేయాలి. ముద్ద ఒక్కటి మిగిలినా అది రాత్రంతా కాలుస్తూనే ఉంటుంది. ఆసుపత్రిలో రింగర్ లాక్టేట్ సీసాలతో మళ్ళీ కడిగి, కాగితంతో పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) చూస్తాం. 7 దగ్గరికి వచ్చాక ఆపి, పది నిమిషాల తర్వాత మళ్ళీ చూస్తాం. ఎందుకంటే లోపల దాగిన సున్నం వల్ల అది తిరిగి పెరుగుతుంది. లాక్‌డౌన్‌లో "బయటికి పోతే ఎట్లా" అని ఆలోచిస్తూ ఆ మొదటి అరగంటని మాటల్లోనే పోగొట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. నీళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, దానికి పాసు అక్కర్లేదు.

ఆసుపత్రి లోపల ఏం మారిందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ తమ్ముడిని ఆ ఒక్క రోజు ఎందుకు ఆపారన్నది దీన్లోనే తెలుస్తుంది.

కన్ను తెరుచుకున్న గాయానికి సాధారణంగా పూర్తి మత్తు ఇస్తాం. మామూలు కంటి ఆపరేషన్లకి కంటి పక్కన సూదితో 5 నుంచి 8 మిల్లీలీటర్ల మందు ఎక్కించి మొద్దుబారేలా చేస్తారు. తెరిచి ఉన్న కంటి వెనక అంత మందు నింపితే ఒత్తిడి పెరిగి లోపలిదంతా గాయంలోంచి బయటికి తోసుకొస్తుంది. అందుకని పూర్తి మత్తే పద్ధతి. కానీ మత్తు కోసం గొంతులోకి గొట్టం వేసేటప్పుడు, తీసేటప్పుడు రోగి ఊపిరి నుంచి సూక్ష్మ తుంపరలు గది నిండా వ్యాపిస్తాయి. థియేటర్ సిబ్బందికి కోవిడ్ అంటుకోవడానికి అన్నిటికంటే అనువైన క్షణం అదే. కంటి డాక్టర్లు రోగి ముఖానికి జానెడు దూరంలో పనిచేస్తారు. వుహాన్‌లో ఈ జబ్బు గురించి ముందుగా హెచ్చరించిన లీ వెన్‌లియాంగ్ కంటి వైద్యుడే. 2020 ఫిబ్రవరి 7న ఆయన అదే జబ్బుతో చనిపోయారు. ఆ భయం అందరిలోనూ ఉంది. అందుకే ఆర్టీపీసీఆర్ రిపోర్టు వచ్చాకే పూర్తి మత్తు అన్న నియమం చాలాచోట్ల పెట్టుకున్నారు. అప్పట్లో రిపోర్టు రావడానికే ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టేది.

కన్ను పగిలిన గాయాన్ని ఆపకూడని అత్యవసరాల జాబితాలోనే ఉంచారు. ఆచరణలో రిపోర్టు రాకముందే చేయాలంటే ప్రతి రోగినీ పాజిటివ్ అనుకుని పూర్తి పీపీఈతో (ఒంటినిండా రక్షణ దుస్తులతో) చేయాలి, లేదా పూర్తి మత్తు లేకుండా చేయాలి. నల్లగుడ్డు మీద ముందువైపు చిన్న గాయమై, రోగి సహకరించేవాడైతే, మొద్దుబార్చే చుక్కల మందుతోనూ, కంటి ముందు గదిలోకి (నల్లగుడ్డు వెనక నీరుండే చోటికి) ప్రిజర్వేటివ్ లేని 1 శాతం లిగ్నోకైన్ మత్తుమందు పంపీ కుట్లు వేయవచ్చు. మహమ్మారి కాలంలో ఈ పద్ధతి బాగా పెరిగింది, ఇప్పటికీ మిగిలింది. జోన్ 3 గాయానికి ఇది పనికిరాదు. గాయం ఎంత వెనక్కి పోయిందో చూడాలంటే కంటి చుట్టూ కండరాలు పక్కకి జరిపి వెతకాలి, అది చుక్కల మందుకి లొంగే నొప్పి కాదు. పిల్లలకైతే ఎప్పుడూ పూర్తి మత్తే. మీ తమ్ముడు రిపోర్టు కోసం ఆగాల్సి రావడానికి అసలు కారణం ఇదై ఉంటుంది. నా మట్టుకు నేను, అంత లోతైన గాయానికి రిపోర్టు కోసం 24 గంటలు ఆగడం సరికాదనే అంటాను. పీపీఈతో చేసేయాల్సింది. కానీ 2020 ఏప్రిల్‌లో పీపీఈ కిట్లు, పరీక్షలు, పడకలు అన్నిటికీ కటకటే. ఆ గదిలో ఆ రోజు నిర్ణయం తీసుకున్నవాళ్ళని ఇప్పుడు తప్పుపట్టలేను.

పీపీఈతో చేసినా అది మామూలు ఆపరేషన్ కాదు. నల్లగుడ్డుకి వేసే 10-0 నైలాన్ దారం తలవెంట్రుక కంటే చాలా సన్నం. దాన్ని నల్లగుడ్డు మందంలో సుమారు 90 శాతం లోతులో, లోపలికి దిగిపోకుండా, రెండువైపులా సమానంగా తీసుకోవాలి. ఎన్‌95 మాస్కులోంచి వచ్చే ఊపిరి మైక్రోస్కోపు అద్దాలని మబ్బుపట్టిస్తుంది. ముఖానికి గాగుల్స్ పెడితే కన్ను మైక్రోస్కోపుకి దూరమై, కనిపించే మేర కుదించుకుపోతుంది. మాస్కు పైఅంచుని ముక్కు మీద టేపుతో పూర్తిగా అతికించడం, గాగుల్స్ బదులు మైక్రోస్కోపుకి ప్లాస్టిక్ తెర కట్టడం లాంటివి అందరూ పనిచేస్తూనే నేర్చుకున్నారు. అరగంటలో అయ్యే కుట్లకి గంట పట్టేది.

నల్లగుడ్డు దానాలు ఆగిపోవడం ఇంకో దెబ్బ. లాక్‌డౌన్ మొదటి నెలల్లో నేత్రనిధుల సేకరణ దాదాపు నిలిచిపోయింది. తీసిన కార్నియా, అంటే నల్లగుడ్డు, నిల్వకి వాడే సాధారణ ఎంకే ద్రావణంలో నాలుగు రోజులు, ఖరీదైన ద్రావణంలో 14 రోజుల వరకే నిలుస్తుంది, కాబట్టి పాత నిల్వ అన్నది ఉండదు. నల్లగుడ్డు ముక్కే ఊడిపోయిన గాయాలకి గ్లిజరిన్‌లో దాచిన కార్నియాతో అతుకు వేశారు. దానివల్ల చూపు రాదు, కన్ను మాత్రం నిలబడుతుంది. 2 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే సయనోఅక్రిలేట్ జిగురు పెట్టి పైన బ్యాండేజి కాంటాక్ట్ లెన్సు వేశారు.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద నష్టం మొదటి ఆపరేషన్లో జరగలేదు, ఆ తర్వాత జరిగింది. మొదటి కుట్లు ఎలాగోలా పడ్డాయి. కంటి గాయమంటే ఒక్క ఆపరేషన్‌తో తీరదు. రెటీనా పని సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య చేయాలి. ఆ గడువు దాటితే ఊడిన రెటీనా మీద మచ్చపొరలు పెరిగి, ఎండిన ఆకులా ముడుచుకుపోతుంది, మళ్ళీ పరచడం చాలా కష్టం. నల్లగుడ్డు కుట్లు పెద్దవాళ్ళలో రెండు మూడు నెలల్లో, చిన్నపిల్లల్లో అంతకంటే ముందే వదులవుతాయి. వదులైన దారం చుట్టూ తెల్లటి చుక్క కనిపిస్తే అక్కడ ఇన్ఫెక్షన్ మొదలైనట్టే. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకైతే గాయం మానినా, అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ గంటల తరబడి ప్యాచ్ కట్టకపోతే మెదడు ఆ కంటిని వాడడం మానేస్తుంది. బాగా కుట్టిన కన్ను కూడా బద్ధకపు కన్నుగా మిగిలిపోతుంది. ఊళ్ళకి వెళ్ళిపోయిన కుటుంబాలు ఎన్నో ఆరు నెలలు, ఏడాది తర్వాత తిరిగొచ్చాయి. వాళ్ళ తప్పు లేదు, బస్సులే లేవు.

2020 మార్చి 25నే టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి, ఫోన్లో చూడడం అందరికీ అలవాటైంది. కంటి గాయానికి ఇది ఎంతవరకు పనికొస్తుందో చెబుతాను. ఫోను వెనక కెమెరాతో, కిటికీ పక్కన, వెలుతురు ప్రక్క నుంచి పడేలా పట్టుకుని తీసిన ఫోటోలో కంటిపాప గుండ్రంగా ఉందా, ఒకవైపుకి నీటిబొట్టులా లాక్కుపోయిందా తెలుస్తుంది. గోధుమరంగు పొర బయటికి వచ్చిందా, నల్లగుడ్డు కింద తెల్లటి గీతలా చీము పేరుకుందా అన్నదీ కొంతవరకు కనిపిస్తుంది. ఫ్లాష్ వేసి తీస్తే వెలుగు అద్దంలా మెరిసి ఏమీ కనిపించదు. కంటి ఒత్తిడి, రెటీనా మాత్రం ఫోనులో ఎవరూ చూడలేరు. కాబట్టి ఫోనులో "బయల్దేరండి" అంటే నమ్మండి. "ఏం పర్లేదు" అంటే మాత్రం మరునాటికల్లా ఎవరితోనైనా ఎదురుగా చూపించండి.

ఇలా దారులు మూసుకుపోవడం కరోనాతోనే ఆగలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి చెన్నైలో రోడ్లు మునిగినప్పుడూ ఇదే పరిస్థితి. కన్ను పగిలిందని అనుమానం వస్తే, ఆసుపత్రి చేరేలోపు ఇవి చేయండి.

కన్ను తెరుచుకుందని ఎలా తెలుస్తుంది: దెబ్బ తర్వాత వేడి నీళ్ళు ధారగా కారినట్టు అనిపించడం, చూపు ఒక్కసారిగా తగ్గడం, కంటిపాప ఆకారం మారడం, గాయంలో నల్లటి లేదా గోధుమరంగు ముద్ద, తెల్లగుడ్డు మొత్తం రక్తంతో ఉబ్బడం. వీటిలో ఒక్కటున్నా చాలు.

కన్ను నొక్కవద్దు, దూది పెట్టి కట్టు కట్టవద్దు. కాగితపు కప్పు అడుగుభాగం కత్తిరించి, దాని అంచు నుదుటి ఎముక మీద, చెంప ఎముక మీద ఆనేలా పెట్టి టేపు వేయండి. కప్పు కంటిని తాకకూడదు.

గుచ్చుకున్నదాన్ని పీకవద్దు. పీకితే ఆ రంధ్రంలోంచే లోపలిదంతా బయటికి వస్తుంది. విరిగి బయట పడిన మేకు, తీగ, పుల్ల ముక్క దొరికితే కవర్లో వేసి తీసుకెళ్ళండి. అది ఇనుమా, రాగా, చెక్కా అన్నదాన్ని బట్టి మా పని మారుతుంది.

కడగవద్దు (కడగడం రసాయనాలకు మాత్రమే), చుక్కలు వేయవద్దు, ఆయింట్‌మెంట్ పూయవద్దు. ఆముదం, తల్లిపాలు, నందివర్ధనం పసరు ఏదీ వద్దు. తెరిచి ఉన్న కంట్లో అవి నేరుగా లోపలికి పోతాయి.

బయల్దేరే ముందే చూపు పరీక్షించి కాగితం మీద రాయండి. మంచి కన్ను మూసి, వేళ్ళు లెక్కపెట్టగలడా, చెయ్యి ఊపితే తెలుస్తోందా, టార్చి వెలుగు తెలుస్తోందా. పక్కన టైము కూడా రాయండి. మీ తమ్ముడి విషయంలో ఆ ఒక్క చీటీ ఎంత పనికొచ్చిందో చూశారుగా.

ఏమీ తినిపించవద్దు, చివరిసారి ఏం తిన్నాడో ఎప్పుడు తిన్నాడో రాయండి. టీటీ దారిలో ఎక్కడైనా వేయించవచ్చు. ప్రయాణం కొన్ని గంటలు మించేలా ఉంటే దగ్గర్లోని డాక్టరుతో చెప్పి మాత్ర రూపంలో యాంటీబయాటిక్ (మాక్సిఫ్లాక్ససిన్ లేదా లివోఫ్లాక్ససిన్) ఒక గుటక నీళ్ళతో వేయించండి, వాంతి వస్తుంటే దానికి ఇంజక్షన్ చేయించండి. ఒక్క గట్టి వాంతికి కంట్లోది బయటికి తన్నుకొస్తుంది. తల ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టి తీసుకెళ్ళండి.

బయల్దేరేటప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేసి మూడు అడగండి: ఈ రాత్రికి కంటి థియేటర్ నడుస్తుందా, మత్తు డాక్టరు ఉన్నారా, రెటీనా సర్జన్ అందుబాటులో ఉంటారా. మూడో దానికి "రేపు" అంటే పర్వాలేదు, మొదటి రెండిట్లో "లేదు" అంటే వేరే చోటికి వెళ్ళండి. చెన్నైలో ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819 నాటిది, బెంగళూరులో అలాంటి ప్రభుత్వ ఆసుపత్రి మింటో. డబ్బు లేదని ఎవరూ ఇంట్లో ఆగిపోనక్కర్లేదు.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతికి వస్తాను. మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన వాక్యం మీరు చివర్లో మామూలుగా రాసేశారు: "ఆ నూనె ఇంకా కంట్లోనే ఉంది, మళ్ళీ వెళ్ళలేదు." సిలికాన్ నూనె రెటీనాని లోపల నుంచి అదిమిపట్టడానికి పెట్టేది. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో తీసేస్తారు. ఏళ్ళ తరబడి ఉంటే అది సన్నటి బిందువులుగా విడిపోయి, కంట్లో నీరు బయటికి పోయే జల్లెడని మూసేస్తుంది. ఒత్తిడి పెరిగి మిగిలిన నరమూ పోతుంది. ముందుకి జారితే నల్లగుడ్డుకి అడ్డంగా తెల్లటి పట్టీ ఏర్పడుతుంది. రెటీనా బలహీనంగా ఉన్న కొన్ని కళ్ళలో కావాలనే ఉంచేస్తారు, అలా నిర్ణయించారేమో ఫైల్లో చూడాలి. ఈ వారంలోనే తీసుకెళ్ళి కంటి ఒత్తిడి కొలిపించండి, నూనె సంగతి రెటీనా డాక్టరుని అడగండి. చెయ్యి కదలిక తెలిసే చూపు కూడా పోగొట్టుకోదగ్గది కాదు, గుమ్మం దాటేటప్పుడు పక్కనుంచి వచ్చే బండి నీడైనా ఆ కంటికి తెలుస్తుంది.

అదే రోజు ఎడమకంటిని కూడా కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి పూర్తిగా చూడమనండి. ఒక కన్ను పగిలాక, చాలా అరుదుగా, ఒంటి రక్షణ వ్యవస్థ రెండో కంటి మీద కూడా దాడి చేస్తుంది. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తుంది గానీ ఏళ్ళ తర్వాత వచ్చినవీ ఉన్నాయి. ఎడమకన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, దగ్గరివి మసకగా కనిపిస్తే అదే రోజు వెళ్ళాలి, స్టెరాయిడ్లు సమయానికి మొదలుపెడితే చూపు నిలుస్తుంది. పవర్ ఉన్నా లేకపోయినా ఇక నుంచి ఆయన మెలకువగా ఉన్నంతసేపూ పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకోవాలి, సుత్తి పట్టినప్పుడు పక్కలు కూడా మూసే గాగుల్స్.

ఒత్తిడి ఎంతుందో, నూనె గురించి ఏమన్నారో ఇక్కడే రాయండి, తర్వాత ఏం అడగాలో చెబుతాను.